ఏ పెట్టెకు ఏ నూనె?

కిందటి మాసం మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ జరిగింది. ఫిర్యాది మా బావమరిది, ముద్దాయి గేరు నూనె, తీర్పరిని నేను. మోటారు పని తెలిసినవాణ్ణి కాను సుమా! ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా కాగితాలు చదివి, నంబర్లు వేసి, కట్టలు కట్టేవాణ్ణి. అయినా ఈసారి ఆ చదువే అక్కరకు వచ్చింది. మన కుటుంబాలలో బండి మీద బతికేవారు చాలామంది ఉన్నారు గనుక ఆ సంగతి ఇక్కడ విన్నవిస్తున్నాను.

మా బావమరిదికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్ బండి ఒకటి ఉన్నది. పొట్టంగి వైపు కొండ ఊళ్ళనుంచి అల్లమూ, కూరగాయలూ ఎక్కించుకొని, కొరాపుట్ మీదుగా జయపురం బజారుకు తెస్తాడు. బండి అప్పు ఇంకా తీరలేదు. మొన్న దీపావళికి ముందు, "బండే మన అన్నం, దానికి ఖర్చు చూసుకోకూడదు" అనుకొని, దుకాణంలో అన్నిటికన్న ఖరీదైన సింథటిక్ గేరు నూనె కొని, షెడ్డులో అన్ని పెట్టెలలోనూ అదే పోయించాడు.

నెల తిరక్కుండానే గేరు మార్చేటప్పుడు గరగరమని చప్పుడు మొదలయింది. ఒకనాడు నిండు బరువుతో కొరాపుట్ ఘాటీ దిగుతూ, మూడునుంచి రెండుకు మార్చబోతే గేరు పడలేదు. గేరు లేని బండి పల్లంలో వేగం పుంజుకున్నది. పక్కన పన్నెండేళ్ళ కొడుకు కూర్చుని ఉన్నాడు. దేవుడి దయవల్ల బ్రేకులు ఆదుకున్నాయి.

"బావా, ఇంత డబ్బు పోసినా ఇలా ఎందుకయింది?" అంటూ ఇంటికి వచ్చి కూలబడ్డాడు.

"బండితో ఇచ్చిన పుస్తకం ఏదోయ్?" అన్నాను.

అది సీటు వెనక, పైకవరు కూడా విప్పకుండా పడి ఉన్నది. ఇంగ్లీషులో ఉన్నదని అతడు ముట్టలేదు.

చదవగా తేలినది ఇది. ఇటువంటి బండిలో గేరు నూనె పోసే పెట్టెలు నాలుగు: గేరుబాక్సు, దాని వెనక ఉండి బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసులో ఒక డిఫరెన్షియలు, వెనక ఇరుసులో ఒకటి. నాలుగింటికీ ఒకే నూనె పనికిరావాలని లేదు. అతని బండికి గేరుబాక్సులో జీఎల్-4, డిఫరెన్షియళ్ళలో జీఎల్-5 అని రాసి ఉన్నది. షెడ్డులో పోసినదంతా జీఎల్-5.

ఈ తేడాకు కారణం లేకపోలేదు. ఇరుసులో పళ్ళు ఒకదానిపై ఒకటి గట్టిగా ఒత్తుకొని జారుతాయి. లోహం లోహాన్ని కొరకకుండా జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ పాలు వేస్తారు. గేరుబాక్సులో సంగతి వేరు. అక్కడ గేరు పడేముందు సింక్రో రింగు అనే ఇత్తడి కట్టు రాపిడితో పట్టుకొని వేగాలను సమం చేయాలి. నూనె మరీ జారుడైతే ఆ పట్టు చిక్కదు. పైగా కొన్ని జీఎల్-5 నూనెలలోని గంధకం ఇత్తడిని తింటుంది. అయితే గేరుబాక్సుకూ జీఎల్-5 చెప్పిన బండ్లు కొన్ని ఉన్నాయి. ఆటోమేటిక్ గేర్ల నూనె పోయవలసిన ట్రాన్స్‌ఫర్ కేసులూ ఉన్నాయి. అంచేత పక్కవాడి బండి మనకు ప్రమాణం కాదు.

మరి సింథటిక్ వాడటం తప్పా? కానే కాదు. అది వేడికి అంతగా పలచబడదు, చలికి అంతగా చిక్కబడదు, ఎక్కువకాలం నిలుస్తుంది. బరువుతో ఘాటీలెక్కే బండికి మేలే. కాని ఆ మాట నూనె తయారైన విధం చెబుతుందే గాని, ఏ పెట్టెకు తగునో చెప్పదు. డబ్బామీద జీఎల్ అంకె, 75డబ్ల్యూ-90 వంటి చిక్కదనపు అంకె, రెండూ పుస్తకంతో సరిపోవాలి. 90 అనగానే 40 నంబరు ఇంజను నూనెకన్న రెండింతలు చిక్కన అని బెదరకండి. రెండిటికీ కొలబద్దలు వేరు. కాగినప్పుడు చిక్కదనం దాదాపు ఒకటే.

ఆ ఆదివారం దగ్గర నిలబడి నూనె మార్పించాము. బండిని పదిహేను నిమిషాలు నడిపి తెచ్చి, సమంగా ఉన్న నేలమీద ఆపాలి. వెచ్చని నూనె మడ్డితో సహా దిగుతుంది. ముందు నూనె పోసే బిరడా విప్పి, ఆ తరువాతనే కింది బిరడా విప్పాలి. నూనెంతా దింపేశాక పై బిరడా రాకపోతే బండి కదలడానికి లేదు గదా! కింది బిరడాకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద సహజమే, లోహపు ముక్కలుంటే మాత్రం ప్రమాదం. నూనె పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయన్నమాట. వేడెక్కిన ఇరుసు వాగులో చటుక్కున చల్లబడితే గాలిగొట్టం గుండానో, సీళ్ళ గుండానో నీరు పీలుస్తుంది. కొత్త వాషర్లు వేసి, పోసే రంధ్రం అంచుకు నూనె వచ్చేదాకా పోయాలి. పాత నూనె కాలువలో పారబోయకండి, షెడ్డువారి పీపాలో పోయించండి.

వారం తిరిగేసరికి చప్పుడు చాలామటుకు తగ్గింది. రెండో గేరు మాత్రం చలి ఉదయాలలో ఇప్పటికీ మొరాయిస్తుంది. అరిగిపోయినదాన్ని ఏ నూనే తిరిగి తేలేదు. రింగు మార్పించడానికి అతడు నెలనెలా కొంత దాస్తున్నాడు.

నాలుగు పెట్టెల లెక్కా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, బండిలో అతని కళ్ళెదుట అంటించాను. కుర్రవాడు అది చూసి, "మామయ్యా, ఒడియాలో కూడా రాయండి, షెడ్డులో వాళ్ళు చదవాలి గదా" అన్నాడు. రాశాను.

మీ ఇంట బండి ఉంటే, ఆ పుస్తకం సీటు వెనకనుంచి తీసి, పిల్లలచేత ఒక్కసారి చదివించుకోండి.