లారీ పక్క నుంచే దూసుకెళ్తే.. ఉద్దానం సైకిల్‌కు జాగా ఏది?

పలాసలో జీడిపప్పు కార్మికులు, ఉద్దానంలో కొబ్బరికాయల బస్తా కట్టుకుని బయల్దేరే రైతులు, హైస్కూల్ పిల్లలు.. ఇంకా సైకిలే బండి అయినవాళ్లున్నారు. అదే దారిలో టెక్కలి గ్రానైట్ లారీలు. హారన్ కొట్టడం, ఓవర్‌టేక్ చేయడం ఒకేసారి! సైకిల్ మట్టిలోకి దిగాల్సిందే.

2017లో ‘బడికొస్తా’ కింద ప్రభుత్వం బాలికలకు సైకిళ్లు ఇచ్చింది. రోడ్డు మీద జాగా మాత్రం ఇవ్వలేదు.

మరి చట్టం? ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184లో అడ్డగోలు ఓవర్‌టేకింగ్‌నూ ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. తొలిసారి దొరికితే రూ.1,000 నుంచి రూ.5,000 జరిమానా, లేదంటే 6 నెలల నుంచి ఏడాది జైలు. కానీ సైకిల్‌కు ఎంత దూరం వదలాలో ఆ సెక్షన్ చెప్పదు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో 1.5 మీటర్లు, బయట 2 మీటర్లు తప్పనిసరి. కొలత లేని చోట ‘తగల్లేదు కదా’ అని డ్రైవర్ ఈజీగా వెళ్లిపోతాడు.