టోలు మీకు, చావు మాకా?

కలకత్తా నుంచి మద్రాసు పోయే రోడ్డు మా గుమ్మం ముందు నుంచే పోతోంది. ఇచ్ఛాపురం దగ్గర మా జిల్లాలో అడుగుపెట్టి కంచిలి, పలాస, నందిగాం, టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేటల మీదుగా కిందకి దిగిపోతోంది. ఒకప్పుడు దాని నంబరు 5. 2010లో 16 అయింది. నంబరు మారింది గానీ రోడ్డు దాటే మనిషి తలరాత మారలేదు.

స్వర్ణ చతుర్భుజి అని పేరు పెట్టారు. ఎవరికి స్వర్ణం? కొల్లేటి చేప కుళ్లకముందే హౌరా చేరాలి. ఉక్కు, బొగ్గు, సిమెంటు రాత్రీ పగలూ కదలాలి. అందుకు నాలుగు వరుసలు చాలక, కింది భాగంలో ఆరు వరుసలు చేశారు. చేసుకోండి, మాకు కుళ్లు లేదు. కానీ అక్కుపల్లి నుంచి చేపల గంప ఎత్తుకుని కాశీబుగ్గ పోయే ఆడమనిషికి, జీడి పిక్కలు కొట్టడానికి పొద్దున్నే ఆటో ఎక్కే కూలికి, సైకిలు మీద బడికి పోయే గుంటడికి ఈ రోడ్డు గీసిన కాగితం మీద చోటెక్కడుంది? ఉద్దానం అంతా రోడ్డుకి ఒక పక్క, ఏజెన్సీ కొండలు మరో పక్క. మధ్యలో పారే లారీల ఏరును మేం రోజూ దాటాలి.

లెక్క వాళ్లదే, వినండి

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. ఇది మేం అల్లిన లెక్క కాదు, కేంద్ర రవాణా శాఖ అచ్చేసిన లెక్క. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే పోయారు. దేశంలో ఉన్న మొత్తం రోడ్డులో జాతీయ రహదారి వందకి రెండు వంతులు. చావుల్లో మాత్రం వందకి ముప్పయ్యారు! ఇంత చిన్న చోట ఇన్ని చావులు పడుతుంటే దాన్ని ప్రమాదం అని ఎలా అంటారు?

పెద్దవాళ్లనైనా ఈ రోడ్డు ఒగ్గిందా? 2012 నవంబరు 2న, అర్ధరాత్రి దాటాక, రణస్థలం దగ్గర కింజరాపు ఎర్రన్నాయుడి కారు ట్యాంకరును ఢీకొంది. శ్రీకాకుళం నుంచి నాలుగుసార్లు ఎంపీ, కేంద్రమంత్రిగా చేసిన మనిషి. ఆయన ఊరు నిమ్మాడ కూడా ఈ రోడ్డు మీదిదే. జిల్లా జిల్లా ఏడ్చింది. అంతటి నాయకుణ్ణి మింగిన రోడ్డుకి పేరూ ఊరూ లేని కూలివాడొక లెక్కా?

తప్పు డ్రైవరుదేనా?

ఎప్పుడు అడిగినా ఆఫీసర్ల నోట ఒకటే మాట: డ్రైవరు నిద్రపోయాడు, బండివాడు ఎదురు దారిలో వచ్చాడు, హెల్మెట్టు పెట్టుకోలేదు. హెల్మెట్టు పెట్టుకోవాల్సిందే, తాగి బండి తోలకూడదు, కాదనం. కానీ డ్రైవరు ఎందుకు నిద్రపోయాడు? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలే పని అంది. అయిదుగురికి తక్కువ పనివాళ్లున్న చోట ఆ చట్టమే వర్తించేది కాదు. ఒకటీ రెండూ లారీల యజమాని దగ్గర పనిచేసేవాడికి దిక్కెవరు? నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన ఒకటుండేది, 2018లో దాన్నీ ఎత్తేశారు. అదే ఏడాది లారీలు మోసే బరువు పరిమితి పెంచారు. బరువు పెంచి, మనిషిని తగ్గించి, నిద్రపోయాడని వాడినే తిడతారా?

ఎదురు దారిలో ఎందుకు వచ్చాడు? తన పొలం రోడ్డుకి అవతల ఉంది. తిరిగే చోటు కిలోమీటర్ల దూరాన ఉంది. సర్వీసు రోడ్డు లేదు, దీపం లేదు. రోడ్డు వేసిన రోజునే ఆ తప్పు పుట్టింది. అది చేసినవాడు ఏసీ గదిలో ఉన్నాడు, శిక్ష మాత్రం సైకిలు మీదున్నవాడికి పడింది.

బెల్లుపడలో కోత, లక్ష్మీపురంలో కోత

బెల్లుపడ, లక్ష్మీపురం, మడపాం. మూడు చోట్ల గేట్లు వేసి టోలు గుంజుతారు. క్షణం ఆలస్యం కాకుండా ఫాస్టాగ్ పెట్టారు. డబ్బు లాగడానికి అంత తెలివి ఉన్నవాళ్లకి దెబ్బ తిన్నవాడిని బతికించే తెలివి ఎందుకు లేదు? 108 బండి 2005లో వచ్చింది, మంచిదే. ఎక్కించి ఎక్కడికి తీసుకుపోతుంది? పలాసలో తల పగిలితే శ్రీకాకుళం డెబ్బై కిలోమీటర్ల పైమాట. అక్కడ కాదంటే విశాఖ కేజీహెచ్, దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ప్రాణం నిలవాల్సిన మొదటి గంట ఈ రోడ్డు మీదే అయిపోతుంది.

కిడ్నీ జబ్బుతో ఉద్దానం ఇలాగే ఏళ్లపాటు విశాఖకు తిరిగింది. అరిచి, గోలపెట్టి, చచ్చి చెప్తే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రోడ్డు దెబ్బలకూ అన్ని శవాలు లేవాలా?

కొన్ని హక్కులు మన చేతిలో ఉన్నాయి

గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే చనిపోయినవారి ఇంటికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు ఇవ్వాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇది చట్టం. ఆర్డీవోకో, తహశీల్దారుకో దరఖాస్తు పెట్టాలి. ఈ మాట ఊరూరా చెప్పండి. 2025 మేలో వచ్చిన పథకం ప్రకారం ఏడు రోజుల వరకూ లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అందాలి. దెబ్బ తిన్నవాడిని ఆసుపత్రిలో చేర్చినవాడి మీద కేసు ఉండదని 2019 చట్టసవరణ చెప్పింది. పోలీసులకు భయపడి పక్కనుంచి పోకండి. రేపు అక్కడ పడేది మనవాడే కావచ్చు.

మేం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ఊరున్న ప్రతిచోటా కింద దారి గానీ పైవంతెన గానీ కావాలి. రోడ్డుకి రెండు పక్కలా సర్వీసు రోడ్డు, కూడళ్లలో రాత్రంతా దీపాలు కావాలి. పలాసలో, టెక్కలిలో తలకి, ఎముకలకి ఆపరేషన్ చేసే డాక్టరు రాత్రి పూట కూడా ఉండాలి. ఏ గేటు దగ్గర ఎంత వసూలైందో, ఆ గేటు పరిధిలో ఎంతమంది చచ్చారో ఒకే బోర్డు మీద పక్కపక్కన రాయాలి.

బోర్డు రాయడానికి భయమెందుకు? రెండు అంకెలూ మా నేల మీద పుట్టినవే. ఒకటి ఢిల్లీకి పోతోంది. రెండోదాన్ని మేం మోసుకుని ఊరి శ్మశానానికి పోతున్నాం.