సముద్రవర్ణనము: లక్షణమా? దర్శనమా?

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో నగరము వెంటనే సముద్రమును పేర్కొన్నాడు. నాటినుండి వర్ణనముల పట్టికలో సముద్రమునకు స్థానము సుస్థిరమైనది. అయితే ఆ పట్టికయే నేడు మన పఠనపాఠనములకు ప్రతిబంధక మగుచున్నదేమో యని నా సందేహము. సముద్రవర్ణనము ఉన్నదా, లేదా యని చూచి, అందలి అలంకారములను లెక్కించి తృప్తిచెందుట పరిపాటి యైనది. కవి ఎచ్చట నిలిచి సముద్రమును చూచెనను ప్రశ్న అరుదుగా వినవచ్చుచున్నది.

సముద్రము ఉపమానమునకు సులభముగా లొంగునది కాదు. అన్యుల గాంభీర్యమును చెప్పుటకు సముద్రమే ఉపమానము. మఱి సముద్రమును చెప్పుటకు దేనిని తెత్తుము? సాగరమునకు సాగరమునే సాటి చెప్పుట అనన్వయాలంకారమునకు ప్రసిద్ధోదాహరణ మగుట యాదృచ్ఛికము కాదు.

రఘువంశ త్రయోదశసర్గమున శ్రీరాముడు పుష్పకమునుండి సీతకు సముద్రమును చూపును. దాని స్వరూపమును, పరిమాణమును ఇదమిత్థమని నిర్ణయింపరాదని కాళిదాసు ముందే యంగీకరించినాడు. పిమ్మట దూరమున చెట్లవరుసతో నల్లగా, సన్నగా తోచు తీరరేఖను ఇనుపచక్రపు అంచున పట్టిన త్రుప్పుతో పోల్చినాడు. ఈ పోలిక ఒడ్డున నిలిచినవానికి తట్టదు. మీదినుండి చూచువానికే తట్టును.

నన్నయ ఆదిపర్వమున కద్రూవినతలు తీరమున నడచు ఘట్టములోని ప్రసిద్ధమత్తేభమును చూడుడు. అందు తరంగముల తాకిడికి వేలావనమందలి ఏలకి, లవంగలతలు ఊగుటను ఆ నడచు స్త్రీల కన్నులతో చూపినాడు. లకారముల ఆవృత్తి ఆ ఊపును చెవి కందించుచున్నది. కడలి బలము తీగె కదలికలో తెలిసినది.

కవిసమయములను విడువవలెనని నా యాశయము కాదు. కాళిదాసు సైతము బడబాగ్నిని విడువలేదు. కాని సముద్రమును సమగ్రముగా మాటలలో పట్టబూనినవానికి విశేషణముల ప్రోగే మిగులును. ఒకచోట నిలిచి కనబడినంత చెప్పి, తక్కినది సహృదయునకు విడిచినవాడు అపారత్వమును ధ్వనింపజేయును.

దీని ఫలితము తరగతిగదికి చేరవలెను. ఆంధ్రదేశమునకు 970 కిలోమీటర్లకు మించిన తీరము కలదు. పోటు, పాటు, మొగ, పైరగాలి మున్నగు మాటలు పాఠ్యపదములు కాకమునుపే బ్రతుకుపదములుగా నెఱిగిన విద్యార్థులు మన యెదుట కూర్చుండవచ్చును. తరంగశబ్దమునకు పర్యాయపదములు వల్లెవేయించు మనము, అలల భేదములను వారి యిండ్లలో ఏమందురో అడుగుచున్నామా? భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము రైతుమాటకు శాస్త్రగౌరవము కలిగించినది. తీరప్రాంత కళాశాలలు వలవేయువారి మాటకును అట్టి గౌరవము కలిగించి, ఆ పదములను ప్రాచీనవర్ణనములతో చేర్చి పఠింపజేయవలెను. అపుడు నన్నయ పద్యము పరీక్షలో ప్రశ్నగా మాత్రమే మిగులదు. ఆ విద్యార్థి యెఱిగిన తీరమే యగును.