సహచరులెవరు?

పీటర్‌మారిట్స్‌బర్గు పేరు మన పాఠకులు వినని పేరు కాదు. 1893వ సంవత్సరము జూను 7వ తేది రాత్రి, మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండగనే, గాంధీమహాత్ముడు రైలుపెట్టెనుండి దింపివేయబడినది ఆ నగరపు స్టేషనులోనే. ఆ కథ మన పిల్లలకును కంఠస్థము. కాని ఆ చిన్న నగరమునుండి సముద్రమునకు దిగు రాజమార్గమున ఏటేట జరుగు పరుగుపందెమును గూర్చి మనవారిలో ఎరిగినవారు తక్కువ. ఎరుగదగినది అందు కొంత కలదు.

‘కామ్రేడ్స్’ అనగా సహచరులు. ఆ పేరిట ఈ పందెము 1921 మే 24వ తేదిన ఆరంభమయ్యెను. పీటర్‌మారిట్స్‌బర్గునకును డర్బనునకును నడుమ సుమారు 90 కిలోమీటర్ల దూరము, అంతయు కొండబాట. సామాన్యముగ ఒక యేడు ఎగువనుండి దిగువకును, మరుసటియేడు దిగువనుండి ఎగువకును పరుగెత్తుదురు. మొదటియేడు 34 మంది బయలుదేరగా 16 మందియే గమ్యము చేరిరి. అగ్రగామియైన బిల్ రోవన్‌కు 8 గంటల 59 నిమిషములు పట్టెను. 2023లో టేటే డిజానా దిగువబాటను 5 గంటల 13 నిమిషముల 58 సెకండ్లలో ముగించెను. యుద్ధమువలన 1941 మొదలు 1945 వరకును, మహమ్మారివలన 2020, 2021 సంవత్సరములలోను తప్ప ఈ పందెము ఆగలేదు.

దీనిని నెలకొల్పిన విక్ క్లాఫమ్ రైలింజను నడుపు ఉద్యోగి. ప్రథమ ప్రపంచయుద్ధమున తూర్పు ఆఫ్రికా అడవులలో నడచి, తోడివారు రాలిపోవుట కన్నులార చూచినవాడు. వారి స్మృతికై శిలావిగ్రహము వలదు, శ్రమయే స్మారకము కావలెనని అతడు తలచెను. మాటిమాటికి నిరాకరణ పొందియు విడువక, తుదకు ఒక పౌను అప్పుతో పందెమునకు అనుమతి సాధించెను. ఆయన భావము ఉదాత్తమైనది. మేము దానిని శంకింపము.

అయినను ఆ యుద్ధమున అసువులు బాసిన సహచరులెవరు? 1917 ఫిబ్రవరి 21వ తేదిన ‘మెండి’ యను ఓడ ఇంగ్లీషు కాలువలో మునిగినప్పుడు, యుద్ధసేవకై పోవుచున్న దక్షిణాఫ్రికా నల్లజాతివారు 600 మందికి పైగా జలసమాధి యైరి. మృతవీరుల పేర నడచు ఈ పరుగులో వారి కొడుకులకు చోటు లేకపోయెను. తెల్లజాతి పురుషులకే ప్రవేశమని నియమము! 1923లో ఫ్రాన్సెస్ హేవర్డు అను వనిత ప్రవేశము నిరాకరింపబడియు పరుగెత్తి గమ్యము చేరెను. పతకము దక్కలేదు. ప్రేక్షకులును తోడివారును చందా వేసికొని వెండి తేనీటి పాత్రలను బహూకరించిరి. 1935లో రాబర్ట్ మ్‌షాలీ యను నల్లజాతీయుడు అట్లే పరుగెత్తి సుమారు 9 గంటల 30 నిమిషములలో గమ్యము చేరెను. అతని పరుగు లెక్కకు రాలేదు.

నేడు ఈ పందెమున ఒక వింత ఆచారము కలదు. 12 గంటల గడువు నిండు వేళకు ఒక అధికారి, వచ్చువారివైపు వీపు త్రిప్పి నిలిచి, తుపాకి ప్రేల్చును. అంతతో గమ్యము మూయబడును. ఒక్క సెకండు ఆలస్యమైనను, గీతకు రెండడుగుల దూరమున కూలినను పతకము లేదు. ముఖము చూచినచో జాలి పుట్టునేమోయని వీపు త్రిప్పుట! కఠినమే యైనను మెచ్చదగిన న్యాయము. కాని గమ్యము కడ ముఖము చూడనొల్లని ఈ పందెమే, బయలుదేరు చోట ముఖమును, చర్మమును, స్త్రీపురుష భేదమును పరీక్షించి పరీక్షించి అర్ధశతాబ్దికి పైగా మనుష్యులను వెనుకకు పంపెను. 1975లో, 50వ పందెమున గాని తలుపు తెరవలేదు.

అది దేశపు శాసనము, పందెము నడుపువారు ఏమి చేయగలరని కొందరు అందురు. ఈ సమాధానము మాకు సరిపడదు. వర్ణవివక్షను రాజ్యసిద్ధాంతముగ చేసికొనిన ప్రభుత్వము 1948లో వచ్చినది. ఈ నియమము 1921 నాటిది. స్త్రీలను ఆపుమని ఏ శాసనము చెప్పినది?

తేదీల ముచ్చటయు చూడుడు. మొదటి పందెము విక్టోరియా రాణి పుట్టినదినమున, సామ్రాజ్యదినమున జరిగెను. పిమ్మట మే 31, శ్వేతప్రభుత్వపు గణతంత్ర దినము. 1981లో ఆ గణతంత్రపు ఇరువదవ వార్షికోత్సవమునకు పందెమును జోడింపగా, బ్రూస్ ఫోర్డైస్ అను తెల్లజాతి యువకుడు నల్లపట్టీ చేతికి కట్టి, దూషణములు సహించి, ప్రథముడై వచ్చెను. 1995లో పందెము జూను 16కు మారెను. 1976లో సొవెటో విద్యార్థులు నెత్తురు చిందించిన దినమది. నడుమ 1989లో శామ్ షబలాలా గెలిచి, ఈ పందెమున నల్లజాతీయులలో ప్రథమ విజేత యయ్యెను.

మనకేమి సంబంధమందురా? 1860 నవంబరు 16వ తేదిన ‘ట్రూరో’ ఓడ మద్రాసునుండి డర్బను చేరెను. 1911 వరకు 1,52,184 మంది భారతీయులు నాటాలునకు గిరిమిట్టు కూలీలుగ పోయిరి. వారిలో విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలమంది. చెరకుతోటలలో నడుము వంచిన ఆ కూలీకి యజమాని వ్రాసి ఇచ్చిన చీటి లేనిదే తోట దాటిపోవు హక్కు లేదు. వారి సంతతివారే 1931లో అచట ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొని తెలుగు అక్షరములను కాపాడుకొనిరి. తాతకు బాటపై నడచుటకు చీటి కావలసివచ్చెను. మనుమనికి ఆ బాటపై పరుగెత్తుటకు 1975 వరకు ఏ చీటియు దొరకలేదు.

2019లో పందెము నడుపువారు క్రొత్త పతకము నొకదానిని ఏర్పరచిరి. 9 గంటలు దాటి 10 గంటలలోపల చేరువారికిచ్చు ఆ పతకమునకు రాబర్ట్ మ్‌షాలీ పేరు పెట్టిరి. 84 సంవత్సరములకు! ఆలస్యమైనను మంచిపని. మన దేశమునుండియు ఇటీవల అనేకులు ఈ పందెమునకు పోవుచున్నారు. వారిలో తెలుగువారు పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషనును దర్శించి రాకుండ ఉండరని నమ్ముచున్నాము. అట్లు పోయినవారిలో ఎవరికైన ఆ పతకము దక్కినచో, ఇంటికి వచ్చి చుట్టపక్కాలకు చూపునపుడు, దానిపై పేరు ఎవరిదో, 1935లో అతనికి పతకమేల రాలేదో కూడ చెప్పవలెనని కోరుచున్నాము.