టీచరవ్వ పేరు ఏ రాతిమీద ఉంది?

పోయిన నెల క్యాంటీన్లో ఒక స్నేహితురాలు నన్నడిగింది, "మీ మతం తెల్లోళ్ళు తెచ్చిందే గదే?" అని. ఎగతాళిగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. నేను "ఊ" అని తింటూ ఉండిపోయాను. సరైన జవాబు వారం తర్వాత గానీ తట్టలేదు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నాకు యేసుప్రభువును తెచ్చిన మనిషి తెల్లామె కాదు. పొట్టిగా, నల్లగా ఉండేది. భుజాన గుడ్డసంచి, కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు. ప్రతి శుక్రవారం సూళగిరిలో బస్సు దిగి, కొత్తిమీర మార్కెట్టు దాటుకుని మా వీధికి నడిచి వచ్చేది. పిల్లలందరం టీచరవ్వ అనేవాళ్ళం. ఏ బళ్ళోనూ టీచరు కాదు. పాతకాలపు మాటలో చెప్పాలంటే బైబిలు స్త్రీ.

ఈ మాట మనలో చాలామంది విని ఉండరు. వందేళ్ళ కిందటి మిషన్లలో ఇది ఒక ఉద్యోగం. దొరలు అడుగుపెట్టలేని ఇళ్ళల్లోకి, వంటింటి గడప దాకా వెళ్ళి, ఆడవాళ్ళకు వాక్యం చెప్పి, అక్షరాలు నేర్పడం వాళ్ళ పని. వాళ్ళలో విధవరాళ్ళు చాలామంది. మా టీచరవ్వ కూడా అంతే.

మా జేజి కొత్తిమీర కట్టలు కట్టి అమ్మేది. డబ్బు లెక్క తప్ప అక్షరం రాదు. టీచరవ్వ ఆమె పక్కనే చతికిలబడి, తానూ కట్టలు కడతా కడతా కీర్తనలు చెప్పేది. జేజికి అన్నీ నోటికి వచ్చేశాయి. నా సంగతి వేరు. 2006లో వచ్చిన తమిళం చట్టం తర్వాత బడికి పోయిన పిల్లని నేను, పైగా తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం. తెలుగు 'అ' ఎట్లా ఉంటుందో నాకు కీర్తనల పుస్తకంలో వేలు పెట్టి చూపించింది టీచరవ్వే. "చూసి చదువు పాపా, నోటికొచ్చింది అప్పజెప్పొద్దు" అనేది. డిగ్రీలో తెలుగు తీసుకునే ధైర్యం నాకు అక్కడినుంచే వచ్చింది.

ఇప్పుడు చరిత్ర పుస్తకాలు తీసి చూస్తే, 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థన చేసిన వాళ్ళు అయిదుగురు. జూయెట్ దొర, దొరసాని, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. జూయెట్ పేరు అందరికీ తెలుసు. జూలియా ఎవరు, రూతు ఎవరు అని మా సంఘంలో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య గురించి ప్రసంగాల్లో వింటాం, ఆయనతోబాటే బాప్తిస్మం తీసుకున్న భార్య నాగమ్మ గురించి వినం. 1812లో శ్రీరామపురంలో అచ్చయిన తెలుగు సువార్తల వెనక ఆనందరాయరు అనే మన దేశపు మనిషి కష్టం ఉంది. పేరు మాత్రం దొరలదే ముందు.

తెల్లవాళ్ళకు కృతజ్ఞత వద్దని నేననను. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని పట్టి ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించిన క్లౌ దొరను ఎట్లా మరిచిపోతాం? కానీ విత్తనం తెచ్చినవాళ్ళు ఒకరైతే, రోజూ నీళ్ళు పోసినవాళ్ళు వేరే ఉన్నారు.

ఇంకో సంగతి. నీళ్ళు పోసినవాళ్ళంతా క్రైస్తవులే అయ్యుండాలని లేదు. మన క్లాసులో మేడమ్ జాషువా గారి 'గబ్బిలం' చెప్పిన రోజు గుర్తుందా? గుళ్ళోకి పోలేని మనిషి, గుళ్ళోకి పోగలిగిన గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. మేడమ్ నుదుట కుంకుమ పెట్టుకునే మనిషి. "ఈ ప్రశ్న ఒక్క గుడికేనా?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు. ఆ ఆదివారం మా చర్చిలో ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరు వెనక కూర్చుంటారు అని మొదటిసారి తిరిగి చూశాను. సండేస్కూల్లో ఎవరూ నాకు అట్లా చూడడం నేర్పలేదు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని పరీక్షకు రాసిన నాకు, ఆ కవి నా విశ్వాసానికీ గురువే అని అప్పుడు తెలిసింది.

టీచరవ్వకు నేను కృతజ్ఞత చెప్పలేదు. చెప్పకపోగా ఒక పాపం చేశాను. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి గేటు దగ్గర ఎదురై, "పాపా, ఆదివారం వాక్యం నోటికొచ్చిందా?" అని గట్టిగా తెలుగులో అడిగింది. పక్కన తమిళ స్నేహితురాళ్ళు. నేను ఎవరో తెలియనట్టు నడిచిపోయాను. తర్వాతి శుక్రవారం ఆమె మామూలుగానే వచ్చింది, మామూలుగానే వేలు పెట్టి చదివించింది. ఆ సంగతి ఎత్తనే లేదు. తిట్టి ఉంటే బాగుండేది. 2020 లాక్‌డౌన్‌లో ఆమె పోయింది. బస్సులు లేవు, మేము ఎవరమూ పోలేకపోయాం.

"దేవునికి స్తోత్రం అంటే అందరికీ చెప్పినట్టే" అంటారు మా వాళ్ళు సాక్ష్యాల్లో. నేను ఒప్పుకోను. దేవునికి చెప్పడం సులభం. మనిషికి చెప్పాలంటే ఎదురుగా నిలబడి ముఖం చూడాలి.

ఈ సంవత్సరం మా చర్చి కట్టడం బాగుచేశారు. గోడకు రాయి పెడతారంట. పాస్టరయ్యగారి పేరు, కానుకలిచ్చిన వాళ్ళ పేర్లు. నేను ఒక చీటీమీద టీచరవ్వ పేరు రాసి తీసుకెళ్ళి ఇచ్చాను. (ఇక్కడ రాయను. దానికి చోటు ఆ రాయే.) ఒక పెద్దాయన చూసి, "ఈమె ఎంత ఇచ్చిండాది పాపా?" అన్నాడు. మంచాయనే, లెక్క రాసుకునే మనిషి కదా, అడగాలి. "పదకొండేళ్ళ శుక్రవారాల బస్సు చార్జీ, రానూపోనూ" అన్నాను. ఆయన నవ్వలేదు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రాయి చెక్కేవాడు క్రిస్మస్ ముందు వస్తాడంట. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే జేజి అడుగుతుంది, "ఏమన్నారే?" అని. ఇంకా ఏమీ అనలేదు.