పుంజు వద్దు, పెట్టను ఉండనివ్వండి



పోయిన వారం మన గ్రూపులో కోళ్ల మీద జరిగిన వాదన అందరూ చూశారు. మన సభ్యులొకరు పెరట్లో నాలుగు పెట్టలను, ఒక పుంజును పెట్టుకున్నారు. పక్కింటివాళ్లు వచ్చి గట్టిగా అడిగారు. ఏం చేయమంటారని ఆయన మనల్ని సలహా అడిగితే, సలహా తప్ప మిగతావన్నీ వచ్చాయి. "సిటీలో కోళ్లేమిటండీ" అని ఒకరు, "నా స్థలం నా ఇష్టం" అని ఇంకొకరు. చివరికి, సభ్యులెవరూ ఇళ్లలో కోళ్లు పెంచకూడదని ఆదివారం మీటింగులో తీర్మానం పెడతామని కమిటీవారు చెప్పారు. ఊరుగాని ఊరిలో ఉన్నాం, ఇరుగుపొరుగుతో మాట పడకూడదు అన్నది వారి కారణం. కారణం మంచిదే. తీర్మానం మాత్రం నాకు సరిపడలేదు. మీటింగులో మైకు చేతికి వస్తే నాకు మాట తడబడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగైతే మన్నించండి.

నా మాట ముందే చెప్పేస్తాను. పుంజు వద్దనండి, నేనూ చెయ్యెత్తుతాను. పెట్టను మాత్రం వద్దనకండి. పెంచేదేదో మన పక్క జిల్లా కోడినే పెంచుదాం. అది కూడా ఎవరికి వారు కాకుండా, సంఘంగా ఒక పద్ధతి పెట్టుకుని పెంచుదాం.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. రిటైరైన కొత్తలో నేనూ పుంజును తెచ్చాను. తెల్లవారుజామున మూడున్నరకు మొదలుపెట్టేది. నాకు ఎంత సంతోషం అంటే, మా అమ్మ ఇంట్లో లేచినట్టు ఉండేది. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె భర్తకు అప్పుడే గుండె ఆపరేషన్ అయింది. పది రోజులు ఓర్చుకుని ఒకనాడు గేటు దగ్గర అడిగారు: "నిమ్మ హుంజక్కె నిద్దేనే బరల్వా సార్?" మీ పుంజుకు నిద్రే రాదా అని. నవ్వుతూనే అన్నారు, కళ్లు మాత్రం నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ఒక ముసలమ్మ. ఆ ముసలమ్మ నేనే. ఆ ఆదివారమే పుంజును మాలూరు పక్కన ఒక రైతుకు ఇచ్చేసి వచ్చాను. పెట్టలు ఉండిపోయాయి. వాటి మీద ఆ ఇంటినుంచి ఇంతవరకు ఒక్క మాట రాలేదు. పెట్ట గుడ్డు పెట్టాక పట్టపగలు నాలుగు నిమిషాలు అరుస్తుంది, చీకటి పడితే గూట్లో నోరు మూసుకుని కూర్చుంటుంది. మన వీధి కుక్కల కంటే లక్ష రెట్లు నయం.

పుంజు లేకుండా గుడ్డు ఎలా పెడుతుంది అని గ్రూపులో ఇద్దరు అడిగారు. పెడుతుంది. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు, ఆ గుడ్డు పిల్ల కావడానికే కావాలి.

ఇప్పుడు మన పక్క జిల్లా కోడి సంగతి. మన వైట్‌ఫీల్డ్ స్టేషన్ కాడుగోడిలోనే ఉంది కదా. అక్కడ ప్యాసింజరు ఎక్కి తూర్పుకు వెళితే దేవనగొంతి, మాలూరు, త్యాకల్, బంగారుపేట, ఇంకా వెళితే కుప్పం. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు వేసిన లైను ఇది. నా ఉద్యోగం చాలా భాగం ఈ లైను మీదే, పార్శిల్ ఆఫీసులో గడిచింది. ఈ లైనుకు రెండు పక్కలా ఉన్న కోలారు పల్లెల్లో, అటు ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో ఒక నాటుకోడి జాతి ఉంది. దాని పేరు గాగస్. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో మన దేశపు కోడి జాతుల్ని నమోదు చేస్తుంది. అందులో గాగస్ ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండింటి పేరుతోనూ ఉంది. రెండు రాష్ట్రాల కోడి అన్నమాట. తెలుగు మాట్లాడుతూ కర్ణాటకలో బతికే మనకు ఇంతకంటే సరైన కోడి ఎక్కడ దొరుకుతుంది?

కానీ మనవాళ్లు కోడి అనగానే కడక్‌నాథ్ అంటారు. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువాది, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్ల మాంసం అని రేటు ఎక్కువ. లేదంటే సంక్రాంతి పందేల అసీల్ అంటారు. అసీల్ మనిషి దగ్గర సాధువే, సాటి కోడిని చూస్తేనే దాని ఒళ్లు ఆగదు. ఇరుకు పెరట్లో నాలుగు పెట్టల్ని వేస్తే అవి కూడా పొడుచుకుంటాయి. గాగస్ పేరు ఎవరూ ఎత్తరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు అయింది దాని పని.

నా దగ్గరున్న మూడు పెట్టలు మాలూరు వైపు నుంచి వచ్చినవి. ఇచ్చిన రైతు గాగస్ అన్నాడు. నా దగ్గర పత్రం ఏమీ లేదు, సంత కోళ్లలో కలగలుపు ఎక్కువ. అచ్చమైన జాతి కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ గాగస్ మందను కాపాడుతోంది. సంఘం లెటర్‌హెడ్ మీద వారికి ఒక ఉత్తరం రాస్తే పోయేదేమీ లేదు. నావి ఎంత అచ్చమైనవో గానీ, గుణం మాత్రం చెప్పగలను. పొద్దున రాగులు చల్లితే కాళ్ల దగ్గరికి వస్తాయి. ఒకటి మా మనవరాలి ఒళ్లో కూర్చుంటుంది. ఆ పిల్ల హోంవర్కు చేస్తుంటే పుస్తకం మీద కూడా కూర్చుంటుంది. పెంకితనం లేదని కాదు. కోడికి గజ్జెలు కట్టినా కుప్ప కుళ్లగించక మానదు. మా ఇంటావిడ కొత్తిమీర మడిని రెండుసార్లు నాశనం చేశాయి. మడికి వల కట్టాక ఇంట్లో శాంతి వచ్చింది.

"మంచి కోడే కావచ్చు, గుడ్లు షాపులో దొరకవా?" అంటారు. దొరుకుతాయి. నామక్కల్ ఫారాల్లో ఒక్కో కోడి ఏడాదికి మూడు వందల గుడ్లు పెడుతుంది. నా పెట్ట యాభై అరవై పెడితే గొప్ప. లెక్క చూసేవాడు నాటుకోడిని పెంచడు. నేను ముప్ఫై ఎనిమిదేళ్లు లెక్కలు రాసినవాడినే, ఒప్పుకుంటున్నాను.

అయితే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి ఆపేస్తుంది, పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు గుడ్లమీదనుంచి కదలదు. రోజుకు ఒకసారి లేచి, గబగబా తిని, నీళ్లు తాగి, మళ్లీ కూర్చుంటుంది. పిల్లలు బయటికి వచ్చాక రెండు నెలలు వాటిని వెంట తిప్పుకుంటుంది. ఈ కాలమంతా గుడ్డు లేదు. ఫారం లెక్కలో ఇది నష్టం. అందుకని పొదుగుకు కూర్చునే గుణాన్నే తరతరాలుగా ఏరి తీసేశారు. మన హెబ్బాళలో తయారైన గిరిరాజ, హైదరాబాదులో తయారైన వనరాజ మంచి కోళ్లే, రైతుకు ఆదాయం తెచ్చాయి. కానీ అవి పొదగవు, పిల్ల కావాలంటే మళ్లీ హేచరీకి పోవాలి.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ని. హోసూరు పక్క మా పల్లెలో ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను, ఇప్పటికీ ఒత్తులు తప్పుతాయి. మరి నాకు తెలుగు ఎలా మిగిలింది? ఏ బడీ నేర్పలేదు. మా అమ్మ అన్నం పెడుతూ, తిడుతూ, కథ చెబుతూ నేర్పింది. కోడి జాతి కూడా అంతే అని నాకు తోస్తుంది. కర్నాల్ జాబితాలో పేరుంటే చాలదు. ఎక్కడో ఒక గంప కింద ఒక తల్లి కూర్చోవాలి. తమిళంలో ఒక సామెత ఉంది, "కోళి మిదిచ్చు కుంజు ముడమాగుమా" అని. తల్లి కోడి తొక్కితే పిల్ల కుంటిదవుతుందా అని అర్థం. ఆ తల్లి కాలి కింద పెరిగిన పిల్లను హేచరీ ఇవ్వలేదు.

పుంజు లేకుండా పొదుగు ఎలా అంటారా? చాలా సులువు. పెట్ట పొదుగు పట్టిందని తెలియగానే పల్లెలో పుంజు ఉన్న ఇంటినుంచి వారం లోపు పెట్టిన గుడ్లు ఒక పది తెస్తాను. ఊకలో పెట్టి తెస్తే ఒక్కటీ పగలదు, పార్శిల్ ఆఫీసు చదువు అది. రాత్రిపూట మెల్లగా పెట్ట కింద పెడితే అది తనవే అనుకుంటుంది. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసేస్తాను. ఇరవై ఒకటో రోజు మా మనవరాలు బడి ఎగ్గొట్టింది. నేను ఏమీ అనలేదు.

ఇక్కడ నా రెండో తప్పు కూడా చెప్పాలి. మొదటిసారి తొమ్మిది పిల్లలు లేచాయి. ఐదు వారాలకు కొక్కెర తెగులు వచ్చి, మూడు రోజుల్లో ఏడు పోయాయి. మెడలు తిప్పుకుంటూ పోయాయి. మనవరాలికి ఏం చెప్పాలో తెలియలేదు. టీకా వేయించలేదు, నాదే నిర్లక్ష్యం. మొదటి వారంలో కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో ఇంకొకసారి, రెండో నెలలో సూది వేస్తే ఆగే రోగం అది. కానీ ఆ మందు సీసా కనీసం వంద కోళ్ల లెక్కకు వస్తుంది. ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. తొమ్మిది పిల్లల కోసం ఎవరు తెస్తారు? ఎవరూ తేరు. ఒంటరిగా పెంచితే కోళ్లు చచ్చేది ఇందుకే. సంఘంగా పెంచుదాం అని నేను అనేదీ ఇందుకే.

ఎదుటివారి మాటల్లో న్యాయం ఉంది, వాటికీ జవాబు చెప్పాలి.

వాసన: కోడికి వాసన లేదు, తడిసిన రెట్టకు ఉంది. గూట్లో నాలుగు అంగుళాల ఊక పరిచి, రెండు రోజులకొకసారి కలియబెట్టి, వాన నీళ్లు పడకుండా చూస్తే వాసన రాదు. తడి కనిపిస్తే ఆ ఊక తీసి ఎరువు గుంటలో వేయాలి. ఇది చేయలేనివారు కోళ్లు పెట్టకూడదు. ఇందులో మొహమాటం వద్దు.

బర్డ్ ఫ్లూ: భయం నిజమే. 2006లో నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. అలాంటి సమయంలో కొత్త కోడినిగానీ గుడ్లనుగానీ బయటినుంచి తేకూడదు. ఉన్నవాటిని వల లోపలే ఉంచాలి. ఒకేసారి రెండు మూడు చనిపోతే దాచకుండా పశువుల డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వం తీసేయమంటే తీసేయాలి, బాధ అయినా సరే.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒక చెల్లెలు వేసింది: "లేచిన పిల్లల్లో సగం పుంజులే కదా అన్నా, వాటిని ఏం చేస్తారు?" నాలుగో నెలలో, గొంతు విప్పకముందే పల్లెకు పంపేస్తాను. అక్కడ ఒకటి రెండు మందలో నిలుస్తాయి, మిగతావి కూరలోకి పోతాయి. అబద్ధం చెప్పను. శాకాహారులకు ఇది నచ్చకపోవచ్చు, వారి మనసును గౌరవిస్తాను. ఇళ్ల మధ్య కోడిని కోయడం మాత్రం వద్దే వద్దు, ఎవరూ చేయకూడదు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు. పిల్లలు లేపకుండా గుడ్ల కోసమే పెట్టల్ని పెంచుకునేవారికి ఈ ప్రశ్న రాదు. అదీ ఒక దారే.

అందుకని ఆదివారం తీర్మానానికి బదులు నా కోరిక ఇది. ఇంటికి ఆరు పెట్టలకు మించకూడదు. పుంజు ఉండకూడదు. గూడు పక్కింటి కిటికీకి ఆనుకుని ఉండకూడదు. పెట్టేముందు రెండు పక్కల ఇళ్లవారిని అడగాలి, తరువాత కాదు. అద్దె ఇంట్లో ఉంటే ఓనరు ఒప్పుదల కావాలి. రెండు నెలలకొకసారి సంఘం తరఫున ఒక టీకా రోజు పెడదాం, సీసా ఖర్చు అందరూ పంచుకుందాం. ఐసు పెట్టె నేను తెస్తాను. ఫిర్యాదు వస్తే కమిటీ నుంచి ఇద్దరు వెళ్లి చూస్తారు, తప్పు ఉంటే నెల రోజుల్లో కోళ్లను తీసేయాలి. ఆ మొదటి తనిఖీ మా ఇంట్లోనే చేయండి.

2023లో మెట్రో మన కాడుగోడి దాకా వచ్చింది. అప్పటినుంచి పెరడు ఉన్న ఇల్లు ఒక్కొక్కటే కూలుతోంది, నాలుగంతస్తులు లేస్తున్నాయి. మా ఇంటికీ బిల్డరు రెండుసార్లు వచ్చి పోయాడు. మా అబ్బాయి మనసులో ఏముందో నాకు తెలుసు. ఇంకో పదేళ్లకు ఇక్కడ కోడిని వద్దనడానికి తీర్మానమే అవసరం ఉండదు, పెట్టడానికి మన్నే ఉండదు. ఆ పదేళ్లూ ఉండనివ్వండి అనే అడుగుతున్నాను.

పుంజు పెట్టుకున్న ఆ తమ్ముడికి ఒక మాట. దాన్ని మాలూరుకు నేను తీసుకెళతాను, మనసు కష్టపెట్టుకోకండి. పక్కింటికి మాత్రం మీరే వెళ్లండి, చేతిలో నాలుగు గుడ్లు పట్టుకుని. ముందు వారు గుడ్లు తింటారో లేదో అడిగి వెళ్లండి.