వెలుగు మాట వినే గుండె
గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు వైద్యులు కరెంటు షాకు ఇస్తారు. ప్రాణం నిలుస్తుంది గాని, స్పృహలో ఉన్నవారికి ఆ నొప్పి భరించరానిది. షాకుకు బదులు వెలుగును వాడవచ్చునా?

చెరువు పాచిలో ఉండే ఒక సూక్ష్మజీవికి, వెలుగు సోకగానే తలుపులా తెరుచుకొనే ప్రోటీను ఉంది. దాని జన్యువును జర్మనీలోని బాన్ శాస్త్రజ్ఞులు చిట్టెలుకల గుండె కణాలలో చేర్చారు. నీలికాంతి మెరిసినప్పుడల్లా ఆ గుండెలు కొట్టుకొన్నాయని 2010లో ప్రకటించారు. 2016లో అటువంటి గుండెలలో తప్పిన లయను సైతం వెలుగుతోనే సరిచేశారు.

అయితే మనిషి గుండె కండరం మందం. నీలికాంతి లోతుకు పోదు. జన్యువును క్షేమంగా చేర్చే మార్గమూ కావాలి. కనుక ఈ చికిత్స ఇంకా ఆసుపత్రులకు రాలేదు. మీ ఇంట ఎవరికైనా గుండెకు యంత్రం అమర్చాలని డాక్టరుగారు చెబితే, దీనికోసం ఆగి ఆలస్యం చేయకండి.